ఎర్రమాత్ర వెనుక మన భీమవరం డాక్టరుగారు

మా ఊళ్ళో గర్భిణులకు నర్సమ్మ ఇచ్చే ఎర్రమాత్రలు చాలా ఇళ్ళలో తాటాకు చూరుకే చేరేవి. 2006లో చెల్లి కడుపులో ఉన్నప్పుడు మా అమ్మా అక్కడే దోపింది. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని అనుకునేవాళ్ళు. విరేచనం నల్లగా కనిపిస్తే ఆ భయం ఇంకా పెరిగేది. అది మాత్రలోని ఇనుము వల్లేనని, బిడ్డ రంగుతో సంబంధం లేదని ఎవరూ విడమరచి చెప్పలేదు. అదే మాత్రలో ఉండే ఫోలిక్ ఆసిడ్ వెనుక ఒక తెలుగువాడి కష్టం ఉందని మేము కూడా డిగ్రీకి వచ్చాకే తెలుసుకున్నాం.

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. (సప్లిమెంటరీ రాస్తున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ మాట మీ కోసమే!) మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి తెల్లదొర ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలు తగ్గక, రక్తం తగ్గిపోయి మనిషి కృశించిపోయే జబ్బది. తర్వాత అది ఆయనకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

1923లో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. బోస్టన్‌లో పొట్టకూటి కోసం రాత్రిళ్ళు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో పరిశోధన చేసి 1930లో డాక్టరేటు పొందారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు.

ఇక్కడ బొంబాయి సంగతి చెప్పాలి. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928 నుంచి పరిశీలించారు. ఈస్టు సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించారు. అందులో పనిచేసే పదార్థమేమిటో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ ఆసిడ్ అని పేరుపెట్టారు. కానీ బస్తాలకొద్దీ ఆకు పిండితే చిటికెడు కూడా రాదు. అలాంటప్పుడు పేదలకు అందేదెలా? సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని రసాయనికంగా తయారుచేసింది. గర్భిణుల రక్తహీనతకే కాదు, తన సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకూ అది మందయింది. మూడేళ్ళకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో ఆయన నిద్రలోనే కన్నుమూశారు.

మన ప్రభుత్వం 1970లో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆసిడ్ మాత్రల పథకం మొదలుపెట్టింది. ఇప్పుడిచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. టీతో మాత్రం వేసుకోకూడదు, ఇనుము ఒంటపట్టదు.

పోయిన నెల మా వదినకు మాత్రల అట్టలు ఇచ్చారు. ఇప్పుడు మాది డాబా ఇల్లు, దోపడానికి చూరు లేదు. రోజూ రాత్రి అన్నం తిన్నాక కాసేపాగి, అమ్మే ఒక మాత్ర తీసి వదిన చేతిలో పెట్టి, మింగేదాకా పక్కనే నిలబడుతోంది.