భూటాన్: అటు చైనా.. ఇటు భారత్.. మధ్యలో బుల్లి దేశం! ఐరాసలో సీటు సాధించిన రాజు కథ ఇదీ..

ఒకవైపు చైనా.. మరోవైపు భారత్. మధ్యలో కొండల్లో ఇరుక్కున్న బుల్లి దేశం భూటాన్. పక్కనున్న టిబెట్ 1950ల్లోనే చైనా చేతిలోకి వెళ్లిపోయింది. మరో పక్కనున్న సిక్కిం 1975లో భారత్‌లో కలిసింది. భూటాన్ మాత్రం నిలబడింది. ఎలా? ఆ ఘనతలో పెద్ద వాటా మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్‌ది.

1952లో గద్దెనెక్కేనాటికి ఆయనకు పాతికేళ్లు కూడా లేవు. దేశంలో మోటారు రోడ్డే లేదు. పైగా 1949 ఒప్పందం ప్రకారం విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా మేరకే నడవాలి. మరుసటి ఏడాదే జాతీయ అసెంబ్లీ పెట్టారు. వెట్టి బతుకులకు స్వస్తి పలికారు.

1958లో నెహ్రూ కొండదారుల్లో రోజుల తరబడి ప్రయాణించి పారో చేరుకున్నారు. భూటాన్ స్వతంత్రంగానే ఉండాలన్నది భారత్ కోరిక అని అక్కడే బహిరంగంగా ప్రకటించారు. మరుసటి ఏడాది టిబెట్ భగ్గుమంది. దీంతో రాజు ఉత్తర సరిహద్దు మూసేశారు. బియ్యం ఇచ్చి ఉప్పు, ఉన్ని తెచ్చుకునే తరతరాల వ్యాపారం ఆగిపోయింది. ఇక దక్షిణం వైపే దారి. 1961లో భారత్ నిధులతో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. ఫుంత్‌షోలింగ్ నుంచి థింఫూకు రోడ్డు పడింది.

అయితే సాయం తీసుకుంటే స్వాతంత్య్రం జారిపోదా? అందుకే రాజు తొందరపడలేదు, భారత్‌తో గొడవ పెట్టుకోలేదు. ఒక్కో మెట్టూ ఎక్కారు. 1962లో కొలంబో ప్లాన్, 1969లో అంతర్జాతీయ తపాలా సంఘం..

ఇంట్లోనూ గండాలే. 1964లో ప్రధాని జిగ్మే పాల్డెన్ దోర్జీ హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది రాజుపైనే హత్యాయత్నం జరిగింది. అయినా అధికారాన్ని గుప్పిట్లో బిగించలేదు. అసెంబ్లీ నిర్ణయాలపై తనకున్న వీటో హక్కును 1968లో తానే వదులుకున్నారు.

చివరికి 1971 సెప్టెంబర్ 21న భారత్ మద్దతుతోనే భూటాన్ ఐక్యరాజ్యసమితిలో సభ్యదేశమైంది. ఏడాది కూడా తిరక్కుండానే.. 1972 జులై 21న నైరోబీలో ఆయన కన్నుమూశారు. అప్పటికి కొడుకు జిగ్మే సింగ్యేకు 16 ఏళ్లే!

భారత్ సలహా మేరకే నడవాలన్న ఆ షరతు 2007లో కొత్త ఒప్పందంతో తొలగిపోయింది. అది చూడటానికి ఆయన లేరు. కానీ అక్కడిదాకా దారి వేసింది మాత్రం ఆయనే.