గల్లీ పిల్లల గురువు బచ్చూఖాన్‌

కామాఠీపురా అనగానే జనం మొహం తిప్పుకునేవారు. నిజాం ఇలాకా నుంచి వలసపోయిన మన తెలుగు కామాఠీలు కూలినాలి చేసుకుని బతికిన పేట అది. దాన్ని ఆనుకునే నాగ్‌పాడా. అమెరికన్‌ మిషనరీ క్లిఫర్డ్‌ మాన్‌షార్ట్‌ 1927లో అక్కడ నెలకొల్పిన నైబర్‌హుడ్‌ హౌస్‌లో గల్లీ పిల్లలకు బాస్కెట్‌బాల్‌ నేర్పిన గురువు బచ్చూఖాన్‌. క్రికెట్‌ మోజులో మునిగిన ముంబయిలో నాగ్‌పాడా ఈ ఆటకు కేరాఫ్‌ అడ్రస్‌ అయిందంటే అందులో ఆయన చలవ ఎంతో ఉంది. ఆయన చేతిలో తయారైన అబ్బాస్‌ మున్తసిర్‌ 1970లో అర్జున అవార్డు అందుకున్నాడు. భారత జట్టుకు సారథ్యమూ వహించాడు. బచ్చూఖాన్‌ కన్నుమూసి చాన్నాళ్లయింది. నాగ్‌పాడాలోని మున్సిపల్‌ ఆటస్థలానికి ఆయన పేరే పెట్టారు. ఊరి పేరు చెప్పడానికి నామోషీ పడే చోట, తలెత్తుకుని చెప్పుకొనే కారణం ఒకటి పిల్లలకు మిగిల్చిపోయాడు.