కాపురానికి రానన్న రుఖ్మాబాయి

పెళ్ళయింది గాని పిల్ల కాపురానికి వెళ్ళడం లేదు అనే మాట మన ఊళ్ళలో అరుగుల మీద ఎన్నిసార్లు విన్నామో! పెద్దలు కూర్చుంటారు, నచ్చచెబుతారు, కేకలేస్తారు, ఆఖరికి ఎటో ఒకటు తేలుస్తారు. అదే తగువు 1884లో బొంబాయి హైకోర్టు మెట్లెక్కింది. నాలుగేళ్ళపాటు ఇక్కడి పత్రికలేమిటి, లండన్ పత్రికలు కూడా దాని గురించి రాశాయి. ఆ పిల్లే రుఖ్మాబాయి.

ఆమె 1864లో బొంబాయిలో పుట్టింది. వాళ్ళది సుతార్, అంటే వడ్రంగి కులం. రెండేళ్ళ వయసులోనే తండ్రి పోయాడు. తల్లి జయంతీబాయికి అప్పటికి ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళలో మారుమనువు ఆచారం ఉంది గనక కొన్నేళ్ళకు ఆమె డాక్టర్ సఖారాం అర్జున్‌ను పెళ్ళాడింది. తొలి భర్త ఆస్తిని మాత్రం కూతురి పేర పెట్టింది. తర్వాత వచ్చిన కోర్టు గొడవ వెనక ఈ ఆస్తి ఆశ కూడా ఉందని రుఖ్మాబాయి పక్షం వాళ్ళు వాదించారు.

మారుతండ్రి సామాన్యుడు కాడు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. 1883లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీని స్థాపించిన ఎనిమిది మందిలో ఒకడు. మరి అంతటి చదువుకున్న ఇంట్లోనూ పదకొండేళ్ళకే పిల్ల మెడలో మంగళసూత్రం పడింది! పెళ్ళికొడుకు దాదాజీ భికాజీకి పంతొమ్మిదేళ్ళు. ఇల్లరికం ఉండి చదువుకోవాలన్నది ఒప్పందం. అతనికి చదువు ఎక్కలేదు. జబ్బు కూడా చేసింది. చివరికి మేనమామ ఇంటికి చేరాడు. ఆ ఇంటి తీరు చూస్తే ఏ తల్లీ కూతుర్ని పంపదని వీళ్ళ అభిప్రాయం. పిల్ల పెద్దమనిషి అయినా, వెంటనే కాపురానికి పంపడానికి మారుతండ్రి ఒప్పుకోలేదు. చిన్న వయసు కాన్పుల్లో ఏమవుతుందో డాక్టరుగా ఆయనకు తెలుసు.

ఈలోగా రుఖ్మాబాయి బడి మానేసి ఇంట్లోనే చదువు సాగించింది. మిషన్ లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకొనేది. దాదాజీ చదువు ఆగింది, ఈమె చదువు ఆగలేదు. ఇద్దరి మధ్యా దూరం ఏటేటా పెరిగింది. పెళ్ళైన పదేళ్ళ లోపే అతను కోర్టుకెక్కాడు. నా భార్యను నాకు అప్పగించండని దావా.

కేసు జస్టిస్ పిన్హే ముందుకొచ్చింది. 1885లో ఆయన దావా కొట్టేశాడు. కారణం వినదగ్గది. దాంపత్య హక్కుల పునరుద్ధరణ అనే దావా శాస్త్రాల్లోంచి వచ్చింది కాదు, ఇంగ్లండు చర్చి కోర్టుల్లోంచి దిగుమతి అయింది. అదీగాక, అసలు మొదలే కాని కాపురాన్ని పునరుద్ధరించడమేమిటి? తెలివి తెలియని వయసులో అయిన పెళ్ళిని పట్టుకొని, ఎదిగిన మనిషిని ఇష్టం లేని మగవాడి ఇంటికి తోలడం ఆయనకు పశువులను తోలినట్టే తోచింది.

తీర్పు మీద దుమారం లేచింది. బాలగంగాధర తిలక్ తన పత్రికల్లో రుఖ్మాబాయిని దుయ్యబట్టాడు. ఆడపిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పిస్తే ఇదే గతి అన్నది ఆ రాతల సారం. తిలక్ పేరు వింటే మనం లేచి నిలబడతాం. అయినా ఈ ఒక్క విషయంలో ఆయన పక్కన నిలబడలేం. హిందూ ధర్మం పేర ఆయన వెనకేసుకొచ్చిన ఆ హక్కు, చిత్రంగా, తెల్లవాడి చర్చిది! ఆమె పక్షాన మలబారీ, రమాబాయి రనడే వంటివారు నిలిచారు. ఆమె కూడా ఊరుకోలేదు. 1885లోనే పేరు చెప్పకుండా ఒక హిందూ స్త్రీగా టైమ్స్ ఆఫ్ ఇండియాకు బాల్యవివాహాల మీద, వితంతువుల గతి మీద ఉత్తరాలు రాసింది. అదే ఏడాది మారుతండ్రి పోయాడు.

1886లో అప్పీలు కోర్టు పిన్హే తీర్పు తిరగదోడింది. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ ఆజ్ఞ: నెలలోగా భర్త ఇంటికి వెళ్ళాలి, లేదా ఆరు నెలలు జైలు. జైలుకే పోతాను గాని అక్కడికి పోనని రుఖ్మాబాయి తేల్చేసింది. ఇలాంటి కేసుల్లో జైలు శిక్షను ఇంగ్లండు అంతకు మూడేళ్ళ క్రితమే, 1884లో, తీసేసింది. అక్కడ వదిలేసింది ఇక్కడ అమలుకు సిద్ధం!

జైలు దాకా రాలేదు. 1888లో రెండు వేల రూపాయలు పుచ్చుకొని దాదాజీ తన హక్కు వదులుకొన్నాడు. విక్టోరియా రాణి స్వయంగా పెళ్ళి రద్దు చేసిందని కొన్నిచోట్ల రాస్తుంటారు. అందుకు ఆధారం కనబడదు. కేసు ముగిసింది రాజీతోనే.

ఆ పైన డాక్టర్ ఈడిత్ పీచీ, మరికొందరు మిత్రులు తోడ్పడగా 1889లో లండన్ వెళ్ళి వైద్యం చదివింది. 1894లో పట్టా పుచ్చుకొని తిరిగొచ్చి సూరత్ ఆస్పత్రిలో చేరింది. మన దేశంలో మొదటి తరం లేడీ డాక్టర్లలో ఆమె ఒకరు. తర్వాత రాజకోట ఆడవాళ్ళ ఆస్పత్రి. ముప్ఫయ్యేళ్ళు దాటిన కొలువు! మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1891లో సమ్మతి వయసు పదినుంచి పన్నెండుకు పెంచిన చట్టం వెనక ఆమె కేసు రేపిన చర్చ కూడా ఉంది.

1955 సెప్టెంబరు 25న, తొంభయ్యేళ్ళ వయసులో, ఆమె కన్నుమూసింది. అంతకు నాలుగు నెలల ముందే హిందూ వివాహ చట్టం వచ్చింది. ఆమెకు దొరకని విడాకుల హక్కు అందులో ఉంది. ఆమెను బోనెక్కించిన దాంపత్య హక్కుల దావా కూడా తొమ్మిదో సెక్షనుగా అందులోనే ఉంది. జైలు మాత్రం 1923లోనే పోయింది. ఆస్తి జప్తు మిగిలింది. ఇంగ్లండు 1970లో ఈ దావానే ఎత్తేసింది.

కడప సబ్‌కోర్టులో ఒక భర్త వేసిన ఇలాంటి దావా మన హైకోర్టుకు వచ్చినప్పుడు, 1983లో జస్టిస్ పి. ఎ. చౌదరి తొమ్మిదో సెక్షను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశాడు. మనిషి శరీరం మీద ప్రభుత్వానికి పెత్తనం లేదన్నదే ఆ తీర్పు ప్రాణం. వందేళ్ళ కిందటి పిన్హే గుర్తొస్తాడు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. 2019లో అదే సెక్షను మీద సుప్రీంకోర్టులో మళ్ళీ పిటిషను పడింది. వేసినవాళ్ళు లా కాలేజీ విద్యార్థులు.