లెవ్ లాండౌ జీవిత సంగ్రహము

శాస్త్రజ్ఞుని పేరు లోకమెఱుంగును. ఆతనిని ఆపదలో గాచినవాని పేరు తఱచుగా మఱుగునబడును. ఈ యిరువురను గూర్చియు జెప్పదగిన చరిత్రమగుటచే, సోవియట్ దేశపు భౌతికశాస్త్రవేత్తయగు లెవ్ లాండౌ జీవితమును విద్యాభిమానులకు సంగ్రహముగా విన్నవించుచున్నాము.

లాండౌ 1908వ సంవత్సరము జనవరి 22వ తేదీని కాస్పియన్ సముద్రతీరమందలి బాకూ నగరమున యూదుల కుటుంబమున జన్మించెను. తండ్రి చమురు పరిశ్రమలో ఇంజనీరు, తల్లి వైద్యురాలు. పదునాలుగవయేట విశ్వవిద్యాలయమున బ్రవేశించి, 1927లో లెనిన్‌గ్రాడ్‌లో బట్టము నందెను. పిమ్మట కోపెన్‌హేగన్ నగరమున నీల్స్ బోర్ సన్నిధిని విద్య గఱచి, ఆ మహనీయునే తన గురువుగా జీవితాంతము భావించెను. లోహములందలి ఎలక్ట్రానులు అయస్కాంతక్షేత్రమున నెట్లు వర్తించునో 1930లో నిరూపించెను. 1932 మొదలు ఖార్కోవ్‌లో బనిచేయుచు, శిష్యులకు గఠినమైన పరీక్ష నొకదాని నేర్పఱచెను. 1961 వఱకు దానియందు గృతార్థులైనవారు 43 మంది మాత్రమే! పెక్కేండ్లు పాఠములు చెప్పిన మాకు ఈ సంఖ్య మిక్కిలి యాశ్చర్యకరము.

1937లో లాండౌ మాస్కోలో ప్యోటర్ కపిట్సా నడపు పరిశోధనాలయమున జేరెను. మఱుసటి యేప్రిలులో ప్రభుత్వము వారాతనిని నిర్బంధించిరి. స్టాలినును నిరసించు కరపత్రముతో సంబంధము గలదని నేరము మోపబడెను. నోరు మెదపుటకే జనులు వణకుచుండిన కాలమది. అట్టితఱి కపిట్సా వెంటనే స్టాలినునకే లేఖ వ్రాసెను. మఱుసటి యేడు మోలొటోవునకును వ్రాసి, తాను గనుగొనిన వింతకు గారణము చెప్పగలవాడు లాండౌ యొక్కడేయని విన్నవించెను. తుదకు గపిట్సా పూచీపై, 1939 ఏప్రిలులో లాండౌ విడుదలయయ్యెను.

ఆ వింత యెట్టిదనగా: నీరు గడ్డకట్టు స్థితికంటె సుమారు 271 సెంటిగ్రేడు డిగ్రీల దిగువకు జల్లార్చిన హీలియము ద్రవము, మిక్కిలి సన్నని సందులగుండ నైనను రాపిడి లేక ప్రవహించును. ఏ ద్రవమైనను గొట్టమును రాచుకొని పాఱునపుడు గొంత వేగమును గోలుపోవుట సహజము. ఈ ద్రవమున వేగము తఱుగవలెనన్న దానియందు గ్రొత్తగా స్పందనములు పుట్టవలెను; క్వాంటమ్ ధర్మమునుబట్టి యొక్కొక్కదానికి నియతమైన శక్తి కావలయును. ప్రవాహవేగ మొకమేరకు లోబడియున్నంతవఱకు అవి పుట్టజాలవు. పుట్టనందున రాపిడియు లేదు. లాండౌ 1941లో బ్రకటించిన సిద్ధాంతసారమిదియే.

1950లో గింజ్‌బుర్గుతో గూడి అతివాహకత్వమును గూర్చిన సిద్ధాంతమును రచించెను. లిఫ్షిట్జుతో గలసి వ్రాసిన పాఠ్యగ్రంథములు దేశదేశములందు బఠింపబడుచున్నవి. 1962 జనవరి 7వ తేదీని మోటారు ప్రమాదమున దీవ్రముగా గాయపడి, బహుదినములు స్పృహ గోలుపోయెను. ఆ యేడే నోబెల్ బహుమానము లభించినను, స్టాక్‌హోముకు బోజాలక మాస్కోలోనే స్వీకరించెను. తిరిగి పరిశోధన చేయు శక్తి యాతనికి రాలేదు. 1968 ఏప్రిలు 1వ తేదీని పరమపదించెను. కపిట్సాకును 1978లో నా బహుమానము లభించెను.

కపిట్సా ఆనాడు మౌనము వహించియుండినచో, 1941 నాటి సిద్ధాంతమును రచించుటకు లాండౌ యుండెడివాడో లేదో! ధనమిచ్చి విద్యను బోషించువారు ధన్యులు. పండితునకు ఆపద వాటిల్లినపుడు తన పేరునే పూచీగా నిడువారు మిక్కిలి యరుదు. విద్యాపోషకులగు మహాశయులు ఈ యంశమును మనమున నుంచుకొందురుగాక యని ప్రార్థించుచున్నాము.