బయోస్ అనే పేరు పెట్టింది ఈయనే.. గ్యారీ కిల్డాల్ కథ తెలుసా?

పాత కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ రాకముందు ఒక నల్లటి స్క్రీన్ అలా మెరిసి మాయమవుతుంది. సరిగ్గా ఆ టైమ్‌లో డిలీట్ బటనో, ఎఫ్2 బటనో నొక్కితే నీలం రంగు మెనూ ఒకటి తెరుచుకుంటుంది. అదే బయోస్. పదేళ్లు, పదిహేనేళ్ల నాటి మదర్‌బోర్డుకు కొత్త రకం ఎస్ఎస్‌డీ తగిలించాలన్నా, ఇంకాస్త మెరుగైన ప్రాసెసర్ పెట్టాలన్నా కొందరు చేయి పెట్టేది ఈ బయోస్ మీదే. సరిగ్గా జరిగితే పాత మెషీన్‌కు ఇంకొన్నేళ్ల ఆయుష్షు పోసినట్టే. తేడా కొడితే మాత్రం బోర్డు మూగబోతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కానీ స్క్రీన్ మీద ఏమీ రాదు.

ఇంతకీ బయోస్ అనే మాటను కంప్యూటర్ లోకానికి ఇచ్చిందెవరు? బిల్ గేట్స్ కాదు, స్టీవ్ జాబ్స్ అంతకన్నా కాదు. ఆయన పేరు గ్యారీ కిల్డాల్. 1994లోనే కన్నుమూశారు. ఇప్పుడు ముట్టుకోవాలంటేనే భయపడే ఈ బయోస్‌ను ఆయన తయారు చేసిందే జనం మార్చుకోవడానికి. అసలు విశేషం అదే.

ఓడల లెక్కల నుంచి చిప్ దాకా..

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. వాళ్లది నావికుల కుటుంబం. సముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కగట్టే విద్యను నేర్పే స్కూల్ నడిపేవారు. గ్యారీ కూడా మొదట లెక్కల మాస్టారు అవుదామనే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరారు. అక్కడ కంప్యూటర్ పరిచయమైంది. ఇక లెక్కల క్లాసు వెనక్కిపోయింది.

వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. సైన్యంలోకి రమ్మని పిలుపు వచ్చినప్పుడు ఆయనకు దొరికిన దారి కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఉన్న నేవీ పీజీ స్కూల్‌లో పాఠాలు చెప్పడం. 1972లో డాక్టరేట్ కూడా పూర్తి చేశారు. ప్రోగ్రామ్‌ను కంపైలర్ ఎలా మెరుగుపరచాలన్న దానిపై 1973లో ఆయన రాసిన పరిశోధనా పత్రాన్ని కంప్యూటర్ సైన్స్ పుస్తకాల్లో ఇప్పటికీ కిల్డాల్ పద్ధతి అనే పేరుతోనే చెబుతారు. వ్యాపారి కాకముందు ఆయన గట్టి పరిశోధకుడు. ఈ సంగతి చాలా కథనాల్లో రానే రాదు.

1971లో ఇంటెల్ కంపెనీ 4004 అనే చిన్న చిప్ తెచ్చింది. కిల్డాల్ ఆ చిప్ మీద మనసు పారేసుకున్నారు. ఓడ దారి లెక్కలు చేసే చిన్న యంత్రం ఒకటి దాంతో చేయొచ్చని తొలి ఆలోచన. సెలవు దొరికితే చాలు, ఇంటెల్‌లో కన్సల్టెంట్‌గా పనికి వెళ్లేవారు. అక్కడే పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగ్ భాషను తయారు చేశారు.

ఫ్లాపీ ఉంది.. నడిపేదెవరు?

అప్పట్లో మైక్రోకంప్యూటర్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించాలంటే చిల్లులు పొడిచిన కాగితం టేపే గతి. కిల్డాల్ చేతికి 8 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ ఒకటి వచ్చింది. కానీ దాన్ని చిప్‌కు కలిపే సర్క్యూట్ లేదు. స్నేహితుడు జాన్ టోరోడ్ ఆ సర్క్యూట్ కట్టిపెట్టారు. దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ కిల్డాల్ రాశారు. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే ఊళ్లోని ఇంట్లో అది మొదటిసారి పని చేసింది. పేరు సీపీ/ఎం. మన దగ్గర ఆ పేరు వింటే ఎర్రజెండా గుర్తొస్తుంది గానీ ఇది పార్టీ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్. ఇంటెల్‌కు చూపిస్తే పెద్దగా ఆసక్తి చూపలేదు. దాంతో భార్య డొరొతీతో కలిసి సొంతంగా కంపెనీ పెట్టారు. అదే తర్వాత డిజిటల్ రీసెర్చ్ అయింది. మొదట్లో సీపీ/ఎం ఫ్లాపీ ధర 70 డాలర్లే.

అమ్మకాలు మొదలయ్యాక తలనొప్పి కూడా మొదలైంది. ఒక్కో కంపెనీ కంప్యూటర్‌ది ఒక్కో తీరు. ఒకరి ఫ్లాపీ సర్క్యూట్ ఇంకొకరి దానికి పొంతన ఉండదు. కీబోర్డ్, ప్రింటర్ తగిలించే పద్ధతీ వేరే. కొత్త కస్టమర్ వచ్చిన ప్రతిసారీ మొత్తం సిస్టమ్‌ను తిరగేసి మార్పులు చేయాల్సి వచ్చేది. ఇమ్సాయ్ అనే కంపెనీ కూడా తమ మెషీన్‌కు సీపీ/ఎం కావాలని అడిగేసరికి కిల్డాల్‌కు ఓపిక నశించింది.

అప్పుడు ఆయన చేసిన పని చూడటానికి చిన్నదే. హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే నాలుగు ముక్కలను మిగతా సిస్టమ్ నుంచి కోసి పక్కకు తీశారు. ఆ ముక్కకు బేసిక్ ఇన్‌పుట్/అవుట్‌పుట్ సిస్టమ్ అని పేరు పెట్టారు. పొడి అక్షరాల్లో బయోస్. కీబోర్డ్ నుంచి ఒక అక్షరం తీసుకో, స్క్రీన్‌కు ఒక అక్షరం పంపు, ఈ డ్రైవ్ ఎంచుకో, ఈ సెక్టార్ చదువు.. ఇలాంటి పనులే అందులో ఉంటాయి. సీపీ/ఎం 2.2 నాటికి అవి లెక్కపెడితే 17. ఆ పదిహేడూ రాసుకుంటే చాలు, మిగతాదంతా ఏ మెషీన్ మీదైనా ఒకేలా నడుస్తుంది. ఒక్కసారి రాసిన ప్రోగ్రామ్ వేరే కంపెనీ కంప్యూటర్ మీద కూడా నడవడం అనే సౌకర్యం చిన్న కంప్యూటర్లకు ఇలా దక్కింది.

మార్చుకోండి అని పుస్తకం ఇచ్చారు..

ఇంకో సంగతి. బయోస్‌ను ఎలా మార్చుకోవాలో చెబుతూ డిజిటల్ రీసెర్చ్ ఏకంగా ఒక గైడ్ పుస్తకమే ఇచ్చేది. దాంట్లో పద్ధతి చాలా జాగ్రత్తగా ఉంటుంది. సిస్టమ్ ఉండేది ఫ్లాపీలోని మొదటి రెండు ట్రాకుల్లో. ముందు దాన్ని మెమరీలోకి చదువుకోవాలి. అచ్చంగా అదే కాపీని ఖాళీ ఫ్లాపీ మీద రాయాలి. రాసింది సరిగ్గా పడిందో లేదో మళ్లీ వెనక్కి చదివి చూసుకోవాలి. అన్నీ సరిపోయాకే కొత్త బయోస్ ముక్క కలపాలి, అదీ కాపీ మీదే. ఒరిజినల్ ఫ్లాపీ జోలికి పోయే పనే లేదు. కొత్తది పని చేయకపోతే దాన్ని తీసేసి పాతది పెట్టుకోవడమే. నష్టం ఒక ఖాళీ ఫ్లాపీ.

1980లో ఐబీఎం సొంత పర్సనల్ కంప్యూటర్ కోసం ఆపరేటింగ్ సిస్టమ్ వెతుక్కుంటూ కిల్డాల్ ఇంటి తలుపు తట్టింది. ఆ రోజు ఆయన విమానం నడుపుకుంటూ సరదాగా తిరగడానికి పోయి డీల్ పోగొట్టుకున్నారని ఒక కథ దశాబ్దాలుగా తిరుగుతోంది. నిజానికి ఆయన వెళ్లింది వ్యాపార పని మీదే. ఐబీఎం ముందుపెట్టిన రహస్య ఒప్పందంపై సంతకం చేయడానికి డొరొతీ వెనకాడారు. ఆ తర్వాత ఏం జరిగిందన్న దాని మీద ఎవరి వెర్షన్ వారిది. చివరికి ఆ అవకాశం మైక్రోసాఫ్ట్‌కు వెళ్లింది. సియాటిల్‌లోని ఓ చిన్న కంపెనీ సీపీ/ఎం పోలికలతో చేసిన సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ కొనేసి ఐబీఎంకు ఇచ్చింది. కిల్డాల్ అభ్యంతరం చెప్పాక ఐబీఎం ఆయన సిస్టమ్‌నూ అమ్మకానికి పెట్టింది. కానీ మైక్రోసాఫ్ట్ వైపు నుంచి వచ్చిన డాస్ 40 డాలర్లు, కిల్డాల్‌ది 240 డాలర్లు. కొనేవాడు ఏది తీసుకుంటాడో చెప్పక్కర్లేదు.

ఫ్లాపీ నుంచి చిప్‌లోకి.. ఇక్కడే చిక్కు

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో కిల్డాల్ పెట్టిన పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కాకపోతే బయోస్ ఇప్పుడు ఫ్లాపీలో లేదు, మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉంది. మొదట్లో ఆ చిప్‌ను మామూలుగా చెరపడం కుదరదు. 90ల్లో ఫ్లాష్ చిప్‌లు వచ్చాక కంప్యూటర్‌లోంచే బయోస్ మార్చే వీలు కలిగింది. ప్రమాదం కూడా దాంతోనే వచ్చింది. ఎందుకంటే చాలా బోర్డుల్లో చిప్ ఒక్కటే, కాపీ ఒక్కటే. కిల్డాల్ పద్ధతిలో పక్కన భద్రంగా ఉండే ఒరిజినల్ ఇక్కడ లేదు. ఆయన పోయిన ఐదేళ్లకు, 1999 ఏప్రిల్ 26న, సీఐహెచ్ అనే వైరస్ ఇదే బలహీనతను వాడుకుంది. బయోస్ చిప్‌లో చెత్త రాసేసి ఎన్నో కంప్యూటర్లను పనికిరాకుండా చేసింది.

ఇప్పుడు పాత బోర్డు బయోస్ మార్చేవాళ్లు పాటించే జాగ్రత్తలు చూస్తే సీపీ/ఎం గైడే గుర్తుకొస్తుంది. ముందు చిప్‌లో ఉన్నదాన్ని బయటికి చదువుకుంటారు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండు ఫైళ్లూ అచ్చంగా ఒకేలా ఉంటేనే ముందుకు. ఆ ఫైల్‌ను వేరే కంప్యూటర్‌లోనో పెన్ డ్రైవ్‌లోనో దాస్తారు. నెట్‌లో దొరికిన వేరేవాళ్ల ఫైల్ కన్నా సొంత బోర్డు నుంచి తీసిన ఫైల్ మేలు. ఎందుకంటే నెట్‌వర్క్ అడ్రస్, సీరియల్ నంబర్ లాంటివి చాలా బోర్డుల్లో అదే చిప్‌లో ఉంటాయి. మోడల్ పేరు కలిస్తే సరిపోదు, బోర్డు మీద అచ్చేసిన రివిజన్ నంబర్ కూడా కలవాలి. రాసే టైమ్‌లో కరెంట్ పోకూడదు కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. ఓవర్‌క్లాకింగ్ ఉంటే ముందే తీసేయాలి.

బోర్డు మూగబోయినా ఓ దారి ఉంటుంది. చిప్‌కు ప్రోగ్రామర్ తగిలించి, దాచిన ఫైల్‌ను తిరిగి ఎక్కిస్తారు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో చిప్ లెవెల్ రిపేర్ చేసేవాళ్లకు ఇది రోజువారీ పనే. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. మామూలు చిప్‌లు 3.3 వోల్టులవి. కొన్ని చవక ప్రోగ్రామర్లు డేటా లైన్లలోకి 5 వోల్టులు పంపుతాయి. కొన్ని బోర్డుల్లో చిప్‌లు 1.8 వోల్టులవి కూడా ఉంటాయి. చిప్ మీది నంబర్ చూడకుండా క్లిప్ తగిలిస్తే బాగుచేయబోయి చెడగొట్టినట్టే. అసలు చిప్‌ను ముట్టకుండానే పని జరిగే సందర్భాలూ ఉన్నాయి. పాత బోర్డు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ నుంచి బూట్ కాకపోతే బయోస్‌లో కొత్త మాడ్యూల్ ఇరికించక్కర్లేదు. క్లోవర్ లాంటి బూట్‌లోడర్‌ను పెన్ డ్రైవ్‌లో పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. నచ్చకపోతే పెన్ డ్రైవ్ పీకేయడమే. కిల్డాల్ ఫ్లాపీతో చేయించింది కూడా ఇదే.

టీవీలో కనిపించిన ముఖం..

ఇక కిల్డాల్ విషయానికొస్తే, ఐబీఎం డీల్ పోయాక ఆయన చేతులు ముడుచుకుని కూర్చున్నారనుకుంటే పొరపాటు. 1983 నుంచి 1990 వరకు కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ షోలో స్టీవర్ట్ షిఫేకు తోడుగా యాంకర్‌గా కనిపించారు. గడ్డంతో, నింపాదిగా మాట్లాడే ఆ మనిషి వీడియోలు ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉన్నాయి. 1985లో గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియాను సీడీ మీదకు తెచ్చింది కూడా ఆయన కంపెనీ నాలెడ్జ్‌సెట్టే. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ కంపెనీకి అమ్మేశారు. డబ్బు బాగానే వచ్చింది. కానీ ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న.. ఐబీఎంను ఎందుకు వదులుకున్నారు? 1992లో చదువుకున్న యూనివర్సిటీయే కంప్యూటర్ సైన్స్ విభాగం వేడుకకు ముఖ్య వక్తగా బిల్ గేట్స్‌ను పిలిచింది. అక్కడే డాక్టరేట్ చేసిన కిల్డాల్‌కు అది గట్టిగా తగిలింది. ఆ తర్వాతే ఆత్మకథ రాయడం మొదలుపెట్టారు.

చివరి రోజుల్లో మద్యం ఆయన్ను వదల్లేదు. 1994 జులై 8న మాంటెరీలోని ఒక బార్‌లో తలకు దెబ్బ తగిలింది. అసలేం జరిగిందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మూడు రోజుల తర్వాత జులై 11న చనిపోయారు. అప్పటికి వయసు 52.

2014లో పసిఫిక్ గ్రోవ్‌లోని డిజిటల్ రీసెర్చ్ పాత ఆఫీస్ దగ్గర ఇంజినీర్ల సంస్థ ఐ ట్రిపుల్ ఈ శిలాఫలకం పెట్టింది. అదే ఏడాది కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం సీపీ/ఎం తొలి వెర్షన్ల సోర్స్ కోడ్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2016లో ఆత్మకథ తొలి భాగం కూడా బయటికొచ్చింది. మిగతా భాగాన్ని ఆయన పిల్లలు విడుదల చేయలేదు.