యంత్రసాధకుడు బర్ట్ మన్రో

న్యూజీలాండు దేశపు దక్షిణ భాగమున ఇన్వర్‌కార్గిల్ అను పట్టణము కలదు. అచ్చట 1899వ సంవత్సరమున ఒక వ్యవసాయదారుని యింట బర్ట్ మన్రో జన్మించెను. బాల్యమున పొలములో గుఱ్ఱపుస్వారి చేయునపుడే అతనికి వేగమునందు మక్కువ కలిగెను.

1920లో అతడు ఇండియన్ స్కౌటు అను క్రొత్త మోటారుసైకిలును కొనెను. ఇండియన్ అనునది అమెరికా కంపెనీ పేరు. ఆ బండి ఇంజను పరిమాణము సుమారు 600 ఘనసెంటీమీటర్లు. గరిష్ఠవేగము గంటకు సుమారు 90 కిలోమీటర్లు. ఆ వేగము మన్రోకు చాలలేదు. 1926లో అతడు దానిని మార్చుటకు పూనుకొనెను.

మన్రో ధనికుడు కాడు. పగలు మోటారుసైకిళ్ళను అమ్ముచు, బాగుచేయుచు, రాత్రులు తన కొట్టములో పనిచేసెడివాడు. పాత డబ్బాలను అచ్చులుగా వాడి, కరగిన లోహమును పోసి పిస్టన్లను తయారుచేసెను. ట్రాక్టరు ఇరుసును చెక్కి కనెక్టింగ్ రాడ్లను చేసెను. సిలిండరు ప్రక్కనున్న కవాటములను పైభాగమునకు మార్చెను. అందుచే గాలియు ఇంధనమును సులభముగా లోనికి ప్రవేశించి ఇంజను బలము పెరిగెను.

అయితే బలము పెరిగినచో ప్రతిభాగమును దానికి తాళవలెను, తాళలేనిది విరుగును. అతని ఇంజను అనేకసార్లు పగిలెను. విరిగిన భాగములను అతడు పారవేయక అరలో పేర్చి, వేగదేవతకు సమర్పించిన కానుకలుగా భావించెను. పిదప మరల పని ప్రారంభించెను.

అమెరికాలోని యూటా రాష్ట్రమున బానెవిల్ అను ఉప్పుమైదానము కలదు. 1962లో, తన 63వ యేట, మన్రో అచ్చట గంటకు 288 కిలోమీటర్ల వేగముతో రికార్డు నెలకొల్పెను. 1967లో 950 ఘనసెంటీమీటర్లకు పెంచిన అదే ఇంజనుతో 1000 ఘనసెంటీమీటర్ల లోపు తరగతిలో మరియొక రికార్డు సాధించెను. నాటి లెక్కలోని పొరపాటును అతని కుమారుడు గుర్తింపగా, 2014లో ఆ వేగము గంటకు సుమారు 296 కిలోమీటర్లుగా సవరింపబడెను. మన్రో 1978లో మరణించెను.

పాత యంత్రమును మార్చవచ్చునా, ఉన్నదున్నట్లు కాపాడవలెనా అను వాదము నేటికిని కలదు. మన్రో మార్పులు మొదలిడిన నాడు ఆ స్కౌటు పురాతన వస్తువు కాదు. అతని చేతిలోనే అది ముసలిదయ్యెను. కాని మార్పు లేని స్కౌట్లను భద్రపరచిన వారును పూజ్యులే. అట్టివి లేనిచో మన్రో ఎంత దూరము సాగెనో కొలుచుటకు కొలబద్ద యుండదు. బాలలారా! మార్చు చేతికి ఓర్పు, కాపాడు చేతికి శ్రద్ధ వలయును. రెంటికిని యంత్రజ్ఞానమే మూలము.