తల్లికిని బిడ్డకును ఒక్కచోటనే వైద్యము — డాక్టర్ అన్నా సారా కుగ్లర్ జీవితము

గుంటూరునకు నైరుతిగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున ప్రత్తిపాడు కలదు. పేరులోనే ప్రత్తి యున్నది. చుట్టును నల్లరేగడి భూములు, ప్రత్తిచేలు, మిరపతోటలు. 1880 ప్రాంతమున ఇట్టి గ్రామములో బిడ్డకు జ్వరము వచ్చినచో తల్లికి తెలిసినవి ఇంటి కషాయము, దిష్టి తీయుట, ఊరి వైద్యుని మాత్రలు. వానకాలమున రేగడిలో బండిచక్రము కూరుకొనిపోయెడిది. ఎట్లో పట్టణము చేరినను, పురుషుడైన వైద్యునికి చేయి చూపుటకు అనేక కుటుంబముల స్త్రీలు సమ్మతించెడివారు కారు. తల్లి గడప దాటనిచో ఆమె చంకలోని బిడ్డయు దాటదు. ఆ తల్లులకును బిడ్డలకును గుంటూరులో వైద్యశాల నేర్పరచినవారు డాక్టర్ అన్నా సారా కుగ్లర్.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆర్డ్‌మోర్ గ్రామమందు జన్మించినారు. 1879లో పెన్సిల్వేనియా స్త్రీల వైద్యకళాశాల నుండి పట్టము పొందినారు. స్త్రీ వైద్యవిద్య నభ్యసించుట ఆ దేశమునందును అరుదైన కాలమది. పిమ్మట నారిస్టౌన్ మానసిక చికిత్సాలయమున స్త్రీల విభాగములో పనిచేసినారు. భారతదేశమున స్త్రీ వైద్యుల కొరత ఎంతగా నున్నదో తెలుపుచు ఇచ్చటి మిషనరీ యొకరు వ్రాసిన లేఖ 1882లో ఆమెకు అందినది. ఆమె మనస్సు అప్పటినుండి ఇటు మరలినది.

కాని లూథరన్ స్త్రీల సంఘము వైద్యపనిని చేపట్టుటకు అప్పటికి సిద్ధముగా లేదు. ఆమెను ఉపాధ్యాయినిగానే పంపుట కంగీకరించినది. 1883 నవంబరు చివర ఆమె గుంటూరు చేరినారు. గుంటూరు ఆనాడు కృష్ణా జిల్లాలో భాగము. ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1904లో. బాలికల విద్య, ఘోషా స్త్రీల యిండ్లలో బోధన ఆమెకు అప్పగించిన పనులు. వాని నడుమనే రోగులను చూచినారు. మొదట అంటు, మడి అడ్డువచ్చినవి. అయినను విసుగక నిలిచినారు. 1885 చివర సంఘము ఆమెను వైద్యురాలిగా గుర్తించినది. 1886లో మందులశాల తెరచినారు. కొంతకాలము స్వదేశమునకు వెళ్లి చందాలు కూర్చి వచ్చినారు. 1897 జూన్ 23న స్త్రీల, శిశువుల ఆసుపత్రి ప్రారంభమైనది.

ఆసుపత్రి పేరులోనే తల్లియు బిడ్డయు కలిసియున్నారు. మన పల్లెలలో రోగి యొంటరిగా ఆసుపత్రికి పోవు అలవాటు లేదు. తల్లియో, అత్తయో, అమ్మమ్మయో వంటపాత్రలతో వెంట వచ్చెదరు. ఆమె వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు బహద్దూరుగారు ఆసుపత్రి కెదురుగా ఒక సత్రము కట్టించినారు. రోగి కోలుకొనువరకు హిందూ కుటుంబములవారు తమ ఆచారము తప్పక అందు బస చేయగలిగినారు. మందిచ్చిన చేయి అమెరికాది. బంధువుల కండగా నిలిచిన నీడ ఆంధ్రులది.

ఇది యెంత విలువైనదో పాశ్చాత్య దేశములు చాల ఆలస్యముగా గ్రహించినవి. అంటురోగముల భయముచేత, క్రమశిక్షణ పేరిట, ఇంగ్లండులోని పెక్కు ఆసుపత్రులు తల్లిదండ్రులను వారమున కొన్ని గంటలు మాత్రమే బిడ్డలను చూడనిచ్చెడివి. జేమ్స్ రాబర్ట్‌సన్ అను పరిశీలకుడు 1952లో ఒక చలనచిత్రము చూపినాడు. శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు తల్లికి దూరముగా నున్న రెండేండ్ల బాలిక కథ అది. అట్టి పసివారు మొదట తల్లికై యేడ్చెదరు. పిదప దిగులుతో క్రుంగిపోవుదురు. తుదకు తల్లి వచ్చినను ముఖము త్రిప్పుకొందురు. ఏడుపు మానిన బిడ్డను చూచి నర్సులు కుదుటబడినదనుకొనెడివారు. నిజమునకు అది ఆశ వదలుకొనుట యని రాబర్ట్‌సన్ వివరించినాడు. చాలమంది వైద్యులు ఆ చిత్రముపై కోపించినారు. 1959లో మాత్రము ప్లాట్ సంఘము తల్లిదండ్రుల రాకపై నిర్బంధములు తొలగవలెననియు, పసివారితో తల్లులు ఆసుపత్రిలో నుండుటకు వసతి కల్పింపవలెననియు సిఫారసు చేసినది.

ఈ శాస్త్రము పుట్టుటకు ముందే కుగ్లర్ గారు కన్నుమూసినారు. శిశుమనస్తత్వముపై ఆమె సిద్ధాంతము లేవియు చేయలేదు. వచ్చిన స్త్రీలకు, వారి బిడ్డలకు తగిన చోటు కల్పించుటయే ఆమె పని. ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చినది. తన ఆసుపత్రి చరిత్రను ఆంగ్లమున వ్రాసి 1928లో ప్రకటించినారు. నలుబదియేడేండ్లు ఈ గడ్డకు సేవచేసి, 1930 జూలై 26న గుంటూరులోనే పరమపదించినారు. ఆసుపత్రికి తరువాత ఆమె పేరే నిలిచినది.

నేడు ఆసుపత్రులు పెరిగినవి. బిడ్డను గాజుతలుపు వెనుక నుంచవలసిన చికిత్సలును పెరిగినవి. కొన్నిటికి ఆ యెడబాటు తప్పదు. తప్పునప్పుడు తల్లిని ప్రక్కన నుండనిచ్చుటయు వైద్యములో భాగమే. ఉపాధ్యాయులకును ఇందు పని కలదు. ఆసుపత్రినుండి తిరిగివచ్చిన బాలుడు కొన్నాళ్లు తల్లి కొంగు వదలకపోవచ్చును. మానిన పక్కతడుపు మరల రావచ్చును. తరగతిలో ఉలికిపడవచ్చును, లేక మౌనముగా కూర్చుండవచ్చును. అది మొండితనము కాదు, బెత్తమునకు లొంగునది కాదు. పేరుపెట్టి పిలిచి, చెంత కూర్చుండబెట్టుకొని, తప్పిన పాఠమును నెమ్మదిగా చెప్పినచో చాలమంది పిల్లలు క్రమముగా తేరుకొందురు. బడిపంతులమ్మగా గుంటూరునకు వచ్చి వైద్యురాలైన కుగ్లర్ గారి జీవితము ఉపాధ్యాయులు తలచుకొనదగినది.